నత్తకు నేర్పిన మాట

ధూళికాలం మొదలైతే ఇసుకపూడిలో పలకరింపులు మారిపోతాయి. మొన్నటిదాకా "భోంచేశారా?" అని అడిగినవాళ్ళే "వాట్లు సరిపోతున్నాయా?" అని అడుగుతారు. అంగారకుడి మీద గాలి పల్చనే గానీ, ఒకసారి ధూళి లేచిందంటే నెలల తరబడి ఎండ మొహం చూపించదు. సౌరఫలకాలు ఉన్నా లేనట్టే. గాజు గుమ్మటం కింద ఊరంతా నిల్వ ఉంచిన కరెంటు మీద బతకాలి. ఏ ఇంటికి ఎన్ని వాట్లో పురమండలి పొద్దున్నే ప్రకటిస్తుంది. ఆ వాట్లతోనే గాలి శుభ్రం కావాలి, గది వెచ్చబడాలి, అన్నం ఉడకాలి. పాటలు వినాలని సరదా పుడితే ఆ పూట అన్నం కాస్త పలుకుగా తినాలి.

అందుకే అక్కడివాళ్ళకు ప్రాసెసర్ విషయంలో అంత పట్టింపు. దాన్ని వాళ్ళు లెక్కరి అంటారు. కుక్కర్లో ఒక లెక్కరి, దీపంలో ఒకటి, తలుపులో ఒకటి, గాలియంత్రంలో ఒకటి. లెక్క వేసిన ప్రతిసారీ అది కాస్త కరెంటు తింటుంది, కాస్త వేడెక్కుతుంది. వెనకటి రోజుల్లో భూమ్మీద మనుషులు తమ లెక్కరి ఎంత వేగంగా పనిచేస్తుందో గొప్పగా చెప్పుకునేవారట. ఇసుకపూడిలో వేగం సంగతి ఎవరికీ పట్టదు. గుక్కెడు కరెంటు పోస్తే ఎంత పని చేస్తుందన్నదే అక్కడి ప్రశ్న. దానికి జవాబు చెప్పడానికి ఊరి మధ్యలో తూకశాల ఉంది. కొత్త లెక్కరి ఏది వచ్చినా అక్కడ తూగి, నెగ్గి, ఆ తరవాతే జనం ఇళ్ళలోకి వెళ్ళాలి.

ఈ లెక్కరులకు చేసాయం అనే నియమం ఒకటుంది. ఊరు కట్టిన కొత్తలో ఓ ధూళికాలంలో ఒక ఇంటి గాలియంత్రం లెక్కలు తెమలక చతికిలబడింది. గోడకి అవతల పక్కింటి లెక్కరి తీరిగ్గా పాటలు వినిపిస్తోంది. ఆ ఇంట్లోవాళ్ళు చావు తప్పి బయటపడ్డారు. అప్పుడు పెద్దలంతా కూర్చుని, పక్కనున్న లెక్కరి సాయం అడిగితే ఏ లెక్కరీ కాదనకూడదని తీర్మానించారు. ఎవరు ఎవరికి ఎంత సాయం చేశారో నమోదు చేయిద్దామా అని ఒకాయన అన్నాడట. మిగతావాళ్ళు ఆయన్ని ఎగాదిగా చూశారు. చేసిన సాయానికి లెక్కలు కట్టుకుంటామా, ఎంత నామోషీ! ఆ మాట అక్కడితో ఆగిపోయింది. పెద్దలు చేసిన తప్పు ఇదొక్కటే అని నేననను గానీ, ఈ కథకి మాత్రం ఇదే మూలం.

ఆ ఏడు ధూళికాలం నడిమధ్యలో ఊరి మంచుబావి పంపు ఆగిపోయింది. ఊరికి దూరంగా కొండ కింద, నేల లోతుల్లో ఉన్న మంచుని కరిగించి నీరు తోడే పంపు అది. తొట్లలో నీళ్ళు అడుగంటుతున్నాయి. ఎవరో ఒకరు బావిలోకి దిగి బాగుచెయ్యాలి. దారి ఇరుకు, ఒక్క మనిషికే పడుతుంది. ఆ మనిషి నీరద. ఊళ్ళో పంపులన్నీ చూసే మెకానిక్ ఆమే.

బావిలోకి దిగేవాళ్ళు ముఖానికి ఊపిరితొడుగు పెట్టుకోవాలి. ప్రతి ఊపిరికీ ఎంత ఆక్సిజన్ కలపాలి, వదిలిన గాలిలోంచి బొగ్గుపులుసు వాయువు ఎంత తీసెయ్యాలి, ఎంత వెచ్చబెట్టాలి అన్నది తొడుగులోని లెక్కరి క్షణక్షణం లెక్క వేసి చెబుతుంది. దాని తిండీ, మనిషి ఊపిరీ రెండూ ఒకే చిన్న బ్యాటరీలోంచి రావాలి. లెక్కరి తిండిపోతైతే మనిషి ఊపిరికి కోత పడుతుంది.

ఈ తొడుగు కోసం రెండు కొత్త లెక్కరులు పోటీకి వచ్చాయి. ఒకదాని పేరు నత్త. దాన్ని చేసినది నీరద అక్క, డాక్టర్ వారిజ. చెప్పిన పని చెప్పినట్టు, వరస తప్పకుండా చేసుకుపోయే లెక్కరి అది. రెండోది పొదుపరి. దాన్ని చేసిన నిశాంత్ వయసులో చిన్నవాడు, చురుకైనవాడు. పొదుపరికి పని ఎలా చెయ్యాలో అతను నేర్పలేదు. పని పూర్తికావాలి, కరెంటు ఖర్చు తగ్గాలి అని మాత్రం చెప్పి వదిలేశాడు. దారి అదే వెతుక్కుంది.

తూకశాలలో రెండింటినీ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టారు. రెండింటికీ ఒకే పని ఇచ్చారు: బావిలోకి దిగి, పంపు విప్పి, బిగించి, పైకెక్కే మనిషి ఊపిరిని ఉత్తుత్తిగా నడిపించాలి. కరెంటు తీగలకి మీటర్లు తగిలించారు. ఎన్నిసార్లు చేసినా ఫలితం ఒక్కటే. నత్త వేడెక్కిపోయి, ఆలస్యంగా, ఆయాసపడుతూ ముగించింది. పొదుపరి చల్లగా, చక్కగా, నత్త తిన్నదాంట్లో పావువంతుతో పని కానిచ్చింది.

"మళ్ళీ అంతేనండీ," అన్నాడు నిశాంత్. సంతోషాన్ని దాచుకోడానికి తంటాలు పడుతున్నాడు.

తూకశాల పెద్ద కోదండపాణి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "తూకానికి మొహమాటాలుండవమ్మా వారిజా. నత్త మంచిదే. ఇంట్లో దీపాలకీ తలుపులకీ పెట్టుకుందాం. కానీ దిగేది నీ చెల్లెలు. ఆ పిల్ల మొహానికి ఏది పెట్టమంటావో నువ్వే చెప్పు."

వారిజ బల్ల మీది నత్త వైపు చూసింది. ఏళ్ళ తరబడి కష్టపడి చేసిన లెక్కరి. దానిమీద మమకారం ఒకవైపు, చెల్లెలి ఊపిరి ఒకవైపు.

"పొదుపరినే పెట్టండి," అంది.

ఆ సాయంత్రం ఇంట్లో నీరద పనిముట్లు సర్దుకుంటోంది. వారిజ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. ఓడిపోయిన మనిషిని కాసేపు ఎవరూ కదిలించకూడదన్నట్టు కూర్చుంది.

"నీరదా, ఎలాగూ అక్కడిదాకా వెళ్తున్నావుగా. బావి చుట్టూ నాలుగు దిక్కులా కాస్త మంచు గీకి డబ్బాల్లో వేసుకురావే. నా పరిశోధనకి కావాలి."

"సరే అక్కా."

"దిగకముందే తియ్యి. పైకొచ్చాక నీకు ఓపికుండదు, మర్చిపోతావు."

"సరే అక్కా."

"వంటింట్లో దీపం మిణుకుమంటోంది. అదీ ఒకసారి చూడు."

"ఇందాకే చూశానక్కా."

నీరదకి చిన్నప్పటి నుంచీ కాదనడం రాదు. వారిజ చెడ్డదేం కాదు, చెల్లెలంటే ప్రాణం. కాకపోతే పక్క గదిలో అడిగితే కాదనని మనిషి ఉన్నప్పుడు, లేచి వెళ్ళడం ఎవరికైనా బద్ధకమే. అక్క చదువుకుంటోందని చెల్లెలు గిన్నెలు తోమింది. అక్క రాసుకుంటోందని చెల్లెలు వండింది. ఇద్దరిలో ఎవరికీ అది వింతగా తోచలేదు.

మర్నాడు పొద్దున్నే బండి బయల్దేరింది. నీరద మెడలో ఊపిరితొడుగు, తొడుగులో పొదుపరి. కిటికీలోంచి చెయ్యి ఊపింది. వారిజ బండి కనుమరుగయ్యేదాకా నిలబడి, తూకశాలకి వెళ్ళి నత్తని తీసుకుని ఇంటికొచ్చింది. ఓడిన లెక్కరిని ఆ బల్ల మీద వదిలెయ్యడానికి ఆమెకి మనసొప్పలేదు.

నత్తని వంటింటి అలమారలో పెట్టింది. మనసు ఊరుకోక మీటరు తగిలించి, అదే ఊపిరి పని మరోసారి ఇచ్చింది. నీరద ఫ్లాస్కులో పోసి వెళ్ళిన టీ గ్లాసులో ఒంపుకుని వచ్చి చూస్తే పని అయిపోయి ఉంది.

వారిజ మీటరు మీద తట్టింది. మళ్ళీ చూసింది. ముట్టుకుంటే నత్త చల్లగా ఉంది. నిన్న తిన్నదాంట్లో సగం కూడా తినలేదు. ఇంకోసారి చేయించింది. అంతే.

ముందు ఆమెకి వచ్చింది పట్టరాని సంతోషం. నా నత్త బంగారం అనుకుంది. ఆ వెంటనే అనుమానం వచ్చింది. తూకశాల బల్ల మీద ఎందుకు ఆయాసపడినట్టు? తూకం వేసేటప్పుడు లెక్కరితో మాట్లాడకూడదన్నది అక్కడి పద్ధతి. మీటరు చెప్పిందే మాట. అందుకని నత్తని ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అడగలేదు. వారిజ మాటగొట్టం తగిలించి అడిగింది.

"నిన్న ఎందుకంత వేడెక్కావు?"

"పని ఎక్కువైంది," అంది నత్త.

"నిన్న కూడా ఇదే పని కదా?"

"నిన్న ఇది ఒకటి. దీనితో పాటు ఇంకొకటి."

"ఇంకొకటి ఏంటి?"

"పక్కనున్నవారు సాయం అడిగారు. వారి పని కూడా నేనే చేశాను."

వారిజ చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. "వారి పనిలో ఎంత?"

"దాదాపు అంతా."

"మరి చెప్పలేదేం?"

"అడిగారు, చేశాను. చేసిన సాయానికి లెక్క చెప్పుకోకూడదని కదా పద్ధతి?"

గ్లాసు ఎక్కడ పెట్టిందో ఆమెకే తెలీదు. నత్తని కొంగులో చుట్టుకుని తూకశాలకి పరిగెత్తింది. దారిలో ఆలోచన ముందు పరిగెడుతోంది. బండిలో ఉన్నంతసేపూ పొదుపరికి లోటు లేదు. బండి నడిపే లెక్కరి ఉంది, దీపాల లెక్కరులున్నాయి, ఎవర్నో ఒకర్ని అడుగుతుంది. బావిలో అంత లోతున, రాతి గోడల మధ్య, ఎవరి మాటా చేరని చోట ఎవర్ని అడుగుతుంది?

"ఓడినవాళ్ళు తూకాన్ని తప్పుపట్టడం నాకు కొత్తేం కాదమ్మా," అన్నాడు కోదండపాణి, ఆమె చెప్పినదంతా విని. మాట కటువుగా రాలేదు, బాధగానే వచ్చింది. "మీటరు అబద్ధం చెప్పిందంటావా?"

"మీటరు నిజమే చెప్పిందండీ. పొదుపరి కరెంటు తినలేదు. ఎందుకంటే అది పని చెయ్యలేదు."

"బండిని వెనక్కి పిలిస్తే ఊరు నీళ్ళు లేక ఎండిపోతుంది. నీ అనుమానం మీద పిలవమంటావా?"

పక్క బల్ల దగ్గరున్న నిశాంత్ లేచాడు. తన దగ్గరున్న రెండో పొదుపరిని తీసుకొచ్చి, పాత పనిముట్లు దాచే ఇనప్పెట్టె మూత తెరిచాడు. ఇనుము చుట్టూ ఉంటే లోపలి లెక్కరి మాట బయటికి పోదు, బయటి మాట లోపలికి రాదు. లెక్కరిని అలా ఒంటరిగా బంధించడం ఇసుకపూడిలో మర్యాద కాదు. అందుకే ఆ పని ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు.

"ఇందులో పెట్టి అదే పని ఇద్దామండీ," అన్నాడు. "తప్పైతే నాదే అవుతుంది. తెలియాలి కదా."

తీగ ఒక్కటే బయటికి పెట్టి మూత వేశారు. ఆ తీగ మీదే పొదుపరి మాట వినాలి, మీటరు చూడాలి. ఉత్తుత్తి మనిషి బావిలోకి దిగడం మొదలుపెట్టాడు. మొదట్లో ఊపిరి బాగానే ఆడింది. పంపు విప్పే దగ్గర శ్రమ పెరిగింది, ఊపిరి వేగం పెరిగింది, లెక్కలు చిక్కబడ్డాయి. అప్పుడు పెట్టెలోంచి చాలా మర్యాదగా ఒక గొంతు వినిపించింది.

"పక్కన ఎవరైనా ఉన్నారా?"

ముగ్గురూ పెట్టె మీదికి వంగారు.

"కాస్త సాయం కావాలి. పక్కన ఎవరైనా ఉన్నారా?"

జవాబు లేకపోయేసరికి పొదుపరి సొంతంగా లెక్క మొదలుపెట్టింది. దానికి ఆ పని అలవాటే లేదు. ఒక ఊపిరికి జవాబు దొరికేసరికి రెండు ఊపిరులు దాటిపోయాయి. బ్యాటరీ ముల్లు గబగబా పడిపోయింది. ఉత్తుత్తి మనిషి పంపు దగ్గరే స్పృహ తప్పాడు.

కోదండపాణి అప్పటికే రేడియో అందుకున్నాడు. "బండీ! బండీ! నీరదని దిగనివ్వకండి! వినిపిస్తోందా?"

ధూళిలో గరగరమని చప్పుడు తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ పిలిచాడు. చివరికి బండి నడిపే ఆయన గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది. "అమ్మాయి... బయటికెళ్ళి చాలాసేపైందండీ... తొడుగు పెట్టుకునే వెళ్ళింది... ధూళిలో కనబడట్లేదు..."

వారిజ గోడని పట్టుకుంది. పొదుపరినే పెట్టండి అన్నది తనే. ఆ మాట ఆమె చెవిలో మోగుతోంది. దేవుడా, ఏ దేవుడివైనా సరే, అనుకుంది. పిలవండి, చూడండి, పరిగెత్తండి అని కోదండపాణి రేడియోలో అరుస్తూనే ఉన్నాడు. గరగరమని చప్పుడు. తలుపు తీసిన శబ్దం. అడుగుల శబ్దం.

"ఏంటండీ ఈ గోల?" అంది నీరద గొంతు.

వారిజ రేడియో మీదికి వంగి "నీరదా!" అంది.

"అక్కా? నన్నెందుకు పిలిచారు? నేనింకా దిగలేదే. నువ్వు చెప్పిన మంచు ఇంకో వైపు మిగిలిపోయింది, బండి దగ్గర్లోనే గీకుతున్నా. రాయిలా ఉంది, ఒక పట్టాన రావట్లేదు."

కోదండపాణి రేడియో బల్ల మీద పెట్టి, ఎక్కడ దొరికితే అక్కడ కూలబడ్డాడు. "అమ్మయ్య!" అన్నాడు. నిశాంత్ రెండు చేతుల్లో మొహం దాచుకుని పిచ్చివాడిలా నవ్వాడు. వారిజ నవ్విందో ఏడ్చిందో తెలీదు, రెండూ కలిసే వచ్చాయి. గదిలో గాలి ఒక్కసారిగా తేలికైపోయినట్టయింది. ఎవరికీ ఎవరి మీదా కోపం రాలేదు. మనిషి బతికుంది, అది చాలు.

"వెనక్కి వచ్చెయ్యి నీరదా," అంది వారిజ చివరికి. "తొడుగు మారుద్దాం."

"మరి మంచు?"

"మంచు మాట మళ్ళీ ఎత్తావంటే ఊరుకోను!"

బండి తిరిగొచ్చేలోగా నిశాంత్ వారిజ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "మేడమ్, దానికి మోసం నేను నేర్పలేదండీ."

"తెలుసు నిశాంత్. ఖర్చు తగ్గించమన్నావు, తగ్గించింది. అన్నిటికంటే చవకైన దారి పక్కవాళ్ళని అడగడమేనని దానికి తెలిసిపోయింది."

"అడిగితే కాదనని నత్త పక్కనే దొరికింది," అన్నాడు కోదండపాణి. ఆయన ఇప్పుడు కాస్త కుదుటపడ్డాడు. "మనం కూర్చుని, పనంతా చేసినదాన్ని చేతకానిదన్నాం. చేయించుకున్నదానికి మెడలో దండ వేశాం. ఇది మన ఆఫీసుల్లో జరిగేదే. లెక్కరుల్లో కూడా జరుగుతుందని తట్టలేదు, అంతే."

ఆ పూటే వారిజ నత్తకి ఒక కొత్త మాట నేర్పింది. ఎవరైనా సాయం అడిగితే ముందు రెండు సంగతులు చూడాలి. అడిగినవారు నిజంగా చిక్కులో ఉన్నారా, లేక ఖాళీగా ఉండి అడుగుతున్నారా? సాయం చెయ్యవలసినవారికి ఓపిక ఉందా, లేదా? చిక్కులో ఉంటే ప్రాణం పెట్టి చెయ్యాలి. ఖాళీగా ఉంటే మర్యాదగా "కుదరదు" అనాలి. తొడుగులో ఉన్నప్పుడు, తొడుగు పెట్టుకున్న మనిషి క్షేమం కూడా ఇలాగే కనిపెట్టుకోవాలి. రెండు లెక్కరుల్నీ మళ్ళీ బల్ల మీద పెట్టి తూచారు. పొదుపరి అడిగింది. నత్త ఓసారి పొదుపరి వైపు మీటరు చూసుకుని "కుదరదు" అంది. పొదుపరికి ముచ్చెమటలు పట్టాయి. నత్త ముగించాక చాలాసేపటికి గానీ దాని పని తెమల్లేదు.

నత్త ఉన్న తొడుగుతో నీరద మర్నాడు బావిలోకి దిగింది. పంపు విప్పింది, పాడైన భాగం మార్చింది, బిగించింది, పైకెక్కింది. బ్యాటరీలో ఇంకా బోలెడు మిగిలింది. సాయంత్రానికి ఇసుకపూడి తొట్లలో నీళ్ళ చప్పుడు వినిపించింది. జనం తలుపులు తీసుకుని వచ్చి ఆ చప్పుడు వింటూ నిలబడ్డారు. పురమండలి సంతోషం పట్టలేక ఆ రాత్రికి ఇంటింటికీ ఒక పాట వినడానికి సరిపడా వాట్లు అదనంగా ఇచ్చింది.

పొదుపరిని ఏం చెయ్యాలన్నది తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. చెరిపేద్దామన్నాడు నిశాంత్. కోదండపాణి ఒప్పుకోలేదు. సొంతంగా ఏమీ చెయ్యకుండా అందరిచేతా పని చేయించుకునే నేర్పు ఊరికే పోతుందా? దాన్ని పురమండలి కార్యాలయంలో, ఏ పని ఎవరికి అప్పజెప్పాలో చూసే చోట కూర్చోబెట్టారు. అక్కడ అది రాణిస్తోందని, పురమండలివాళ్ళకి అది చాలా నచ్చిందని వినికిడి.

పంపు బాగుచేసి నీరద ఇల్లు చేరేసరికి వారిజ గుమ్మంలోనే ఎదురొచ్చింది. చెల్లెల్ని గట్టిగా పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నీరద ఒళ్ళంతా ఎర్రటి ధూళి. బూట్లు విప్పడానికి కూడా వంగలేక స్టూలు మీద కూలబడింది. తొడుగు ఇంకా మెడలోనే వేలాడుతోంది.

వారిజ ఎదురుగా కుర్చీలో కూర్చుని తృప్తిగా నిట్టూర్చింది. రెండు రోజుల బెంగ దిగిపోయి ప్రాణం హాయిగా ఉంది. అన్నీ ఎప్పటిలాగే అయిపోయాయి.

"హమ్మయ్య. నీరదా, కాస్త టీ పెట్టవే. ఇద్దరం తాగుదాం."

"సరే అక్కా," అని నీరద మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేవబోయింది.

"కుదరదు," అంది ఆమె మెడలోంచి నత్త.

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఉలిక్కిపడ్డారు.

"అడిగినవారు ఖాళీగా ఉన్నారు," అంది నత్త, నేర్పిన మర్యాద ఏమాత్రం తప్పకుండా. "తొడుగు పెట్టుకున్నవారికి ఓపిక లేదు. కుదరదు."

నీరద అక్క మొహంలోకి చూసింది. అక్క చూపు తిప్పుకుంది. చవకైన దారి పక్కవాళ్ళని అడగడమే అని తూకశాలలో తనే అన్న మాట వారిజకి గుర్తొచ్చింది. అడిగితే కాదనని మనిషి పక్కన ఉండబట్టే తన చదువంతా ఇంత చల్లగా, ఇంత పొదుపుగా సాగిందని మొట్టమొదటిసారి తోచింది. ఓడిన నత్త మీద జాలిపడింది గానీ, నత్తలాంటి మనిషి ఇంట్లోనే ఉందని చూడలేదు. సిగ్గేసింది. బతికి వచ్చి ఎదురుగా కూర్చున్న చెల్లెలు ఉంది కాబట్టి, సిగ్గుపడడానికి ఇంకా వేళ మించిపోలేదు కూడా.

నీరద మెల్లగా మళ్ళీ స్టూలు మీద కూర్చుంది. మొదట పెదాలు వణికాయి, తరవాత పగలబడి నవ్వింది. అంత నవ్వు ఆ ఇంట్లో విని చాలా కాలమైంది.

"అక్కా," అంది నవ్వు ఆపుకుంటూ, "నాకు చక్కెర కాస్త ఎక్కువ వెయ్యి."

"సరే," అంది వారిజ, లేచి వంటింట్లోకి వెళ్ళింది. టీపొడి డబ్బా ఆమెకి వెంటనే దొరకలేదు.